సాబా దీవికి విన్‌ఎయిర్: ఏళ్ల తరబడి ఎక్కాక నా అభిప్రాయం

కరీబియన్ సముద్రంలోని చిన్న డచ్ దీవి సాబాలో మెడికల్ స్టూడెంట్లకు పాఠాలు చెప్పే ఉద్యోగం నాది. అందుకే విన్‌ఎయిర్ అనే విమాన సంస్థ నాకు ఏళ్లుగా ఊరి బస్సు లాంటిది. దగ్గర్లోని సెయింట్ మార్టిన్ దీవిలో ఎక్కితే పావుగంటలో దిగిపోతాం. ఫెర్రీలో గంట దాటుతుంది, అలలు ఎక్కువగా ఉన్న రోజున కడుపులో తిప్పేస్తుంది.

ఈ సర్వీసు గురించి ఏం చెప్పాలన్నా ముందు సాబా రన్‌వే గురించి చెప్పాలి. దాని పొడవు 400 మీటర్లే. రెండు చివర్లా కొండ తెగిపోయి, కింద సముద్రం. ఇక్కడ విమానం దిగడం జరిగే పని కాదనుకునే రోజుల్లో, 1959 ఫిబ్రవరిలో, సెయింట్ బార్త్ దీవి నుంచి రెమీ ద హానెన్ అనే పైలట్ వచ్చి సాబాలో ఫ్లాట్ పాయింట్ అనే చోట దిగి చూపించారు. అందుకోసం ఊరి జనమే పారలు పట్టి, రాళ్లు ఏరి ఆ నేలను చదును చేశారు. 1963లో విమానాశ్రయం తెరిచారు. అంతకుముందు పడవ దిగి, ల్యాడర్ బే అనే తీరం దగ్గర రాతిలో తొలిచిన సుమారు 800 మెట్లు ఎక్కి సామాను మోసుకున్న జనానికి అదెంత పెద్ద మార్పో ఊహించండి!

విన్‌ఎయిర్ జార్జ్ గ్రెయో అనే పైలట్ 1961లో మొదలుపెట్టిన సంస్థ. ఇప్పుడు ఎక్కువ వాటా సెయింట్ మార్టిన్ దీవిలోని డచ్ భాగపు ప్రభుత్వానిది.

సాబాకు వచ్చేది ట్విన్ ఓటర్ అనే 19 సీట్ల చిన్న విమానం. ముందు సీటు దొరికితే పైలట్ల చేతులు చూడండి. ఇంజిన్ పవర్ లీవర్లు కాక్‌పిట్ పైకప్పు నుంచి వేలాడుతుంటాయి. చివరి నిమిషంలో కిటికీ నిండా కొండ గోడే. చక్రాలు తగలగానే చెయ్యి లీవర్లను వెనక్కి లాగుతుంది, ప్రొపెల్లర్లు ఒక్కసారిగా హోరెత్తుతాయి, రన్‌వే ఇంకా మిగిలుండగానే విమానం ఆగిపోతుంది. మొదట్లో టెన్షన్ పడ్డాను. ఇప్పుడు ఆ పైలట్ల నైపుణ్యం మీద నాకు పూర్తి నమ్మకం.

ఇబ్బందులు లేకపోలేదు. గాలి వాటం బాగాలేకపోతే ఫ్లైట్ రద్దవుతుంది. ఆ రన్‌వే మీద అలా రద్దు చేయడమే సరైన పని, కోప్పడి లాభం లేదు. సామాను బరువు దగ్గర పట్టింపు ఉంటుంది. ఖర్చంతా పంతొమ్మిది సీట్ల మీదే పడాలి కాబట్టి దూరాన్ని బట్టి చూస్తే టికెట్ ధర ఎక్కువే అనిపిస్తుంది.

హైదరాబాద్ నుంచి పిల్లల్ని చూడటానికి వచ్చే అమ్మానాన్నలకు నేను చెప్పేది ఒకటే. ఆమ్‌స్టర్‌డామ్ మీదుగా వచ్చినా, పారిస్ మీదుగా వచ్చినా, తిరుగు ప్రయాణంలో పెద్ద విమానం ఎక్కే ముందు ఒక రాత్రి సెయింట్ మార్టిన్‌లో ఉండేలా చూసుకోండి. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా, తుపాన్లు ముదిరే నెలల్లో, రెండు రాత్రులు పెట్టుకున్నా తప్పు లేదు.