లగేజీకి ఎక్కువ గుంజారు: గేటు దగ్గర గొడవా, తర్వాత మెయిలా, బ్యాంకు డిస్ప్యూటా, ఏది మేలు?

కాటా మీద బ్యాగు పెట్టగానే కౌంటర్లో ఉన్నమ్మాయి స్క్రీన్ మీంచి కళ్లు తిప్పకుండానే "ఎక్స్‌ట్రా వస్తోందండీ, కట్టాలి" అంటుంది. వెనకాల క్యూ, పక్కన ఏడుస్తున్న పిల్లాడు, బోర్డింగ్ మూసేయడానికి ఇంకో నలభై నిమిషాలు. ఆ టెన్షన్లో బుర్ర పనిచేయదు. కొందరు అక్కడే గొంతు పెంచుతారు, చాలామంది తిట్టుకుంటూ కట్టేసి విమానం ఎక్కాక మర్చిపోతారు, ఏ కొద్దిమందో ఇంటికొచ్చాక వెంటపడతారు. నేను వేర్వేరు ప్రయాణాల్లో ఈ మూడూ చేసి చూశాను, మా వదిన నాలుగోది, బ్యాంకు డిస్ప్యూట్ (కార్డుతో కట్టిన డబ్బు వెనక్కి ఇప్పించమని బ్యాంకులో ఫిర్యాదు) కూడా చేసింది, కాబట్టి ఏ దారి ఎంతదూరం తీసుకెళ్తుందో కాస్త తెలుసు.

ముందు మొహమాటం లేకుండా ఒక మాట. బ్యాగు నిజంగానే మూడు కిలోలు ఎక్కువుండి, టికెట్ నిబంధనల్లో కిలోకి ఇంత అని రాసి ఉంటే, ఏ దారిలో వెళ్లినా డబ్బు వెనక్కి రాదు. ధర దారుణంగా ఉండటం వేరు, తప్పుగా వసూలు చేయడం వేరు. బడ్జెట్ ఎయిర్‌లైన్స్ టికెట్ చవగ్గా ఇచ్చి లగేజీ దగ్గర రాబట్టుకుంటాయి, అందుకే ముందే ఆన్‌లైన్లో కొంటే ఒక రేటు, కౌంటర్లో ఇంకో రేటు, గేటు దగ్గరైతే అన్నిటికంటే ఎక్కువ. అది నచ్చకపోవచ్చు గానీ తప్పు లెక్క కాదు. "ఇంత ధరా" అని రాసే మెయిల్ ఎవరూ చదవరు.

గెలిచే కేసులు వేరే ఉంటాయి. టికెట్ మీద 25 కిలోలని ఉంటే కౌంటర్ స్క్రీన్ మీద 15 కనపడటం. ముందే డబ్బు కట్టి కొన్న బరువు వాళ్ల సిస్టంలోకి ఎక్కకపోవడం. ఒకే బ్యాగుకి రెండుసార్లు కార్డు గీకడం. కాటా ఖాళీగా ఉన్నప్పుడే సున్నా చూపించకపోవడం. కొలత చూసే సైజు ఫ్రేములో చక్కగా పట్టిన క్యాబిన్ బ్యాగుకి కూడా ఛార్జి వేయడం. రెండు విమానాలు మారే ప్రయాణంలో, అంతా ఒకే టికెట్ అయినా రెండో సంస్థ వాళ్లు తమ సొంత లెక్క తీయడం కూడా ఈ కోవలోదే. అదే రెండు టికెట్లు విడివిడిగా కొనుక్కుంటే మాత్రం ఎవరి నిబంధన వాళ్లదే, అక్కడ మనకి వాదన లేదు. చాలామంది ఈ తేడా చూసుకోకుండానే గొడవకి దిగుతారు.

క్యాబిన్ బ్యాగు గురించి ఒక్క ముక్క చెప్పాలి. షాపులో "క్యాబిన్ సైజు" అని చీటీ ఉన్నంత మాత్రాన ఏమీ కాదు. విమాన సంస్థల సంఘం ఐఏటీఏ చెప్పే 56, 45, 25 సెంటీమీటర్లు సూచన మాత్రమే, ఏ సంస్థా దానికి కట్టుబడనక్కర్లేదు, బడ్జెట్ వాళ్ల ఫ్రేములు ఇంతకంటే చిన్నవిగా ఉండటం మామూలే. పైగా చక్రాలు, పిడి కూడా కొలతలోకి వస్తాయి. షాపు చీటీ చూపించి వాదిస్తే నిలబడదు.

ఇక కౌంటర్, గేటు దగ్గర గొడవ సంగతి. దీన్ని పూర్తిగా కొట్టిపారేయను, ఎందుకంటే కొన్ని పనులు అక్కడ తప్ప ఇంకెక్కడా జరగవు. ఇంకో కాటా మీద తూచమని అడగొచ్చు. బ్యాగు పెట్టకముందు కాటా సున్నా దగ్గర ఉందా, పక్క బ్యాగు గానీ ట్రాలీ గానీ ఆనుకుని ఉందా చూడొచ్చు. బరువైన చార్జర్లు, బూట్లు తీసి జాకెట్ జేబుల్లో కుక్కుకోవచ్చు (నలుగురూ చూస్తారు, చూడనివ్వండి). ఒకే బుకింగ్‌లో ఇద్దరుంటే బరువు కలిపి చూడమనొచ్చు, కొన్ని సంస్థలు ఒప్పుకుంటాయి, కొన్ని ససేమిరా అంటాయి. కానీ ఒక్క బ్యాగే 32 కిలోలు దాటితే సాధారణంగా డబ్బిచ్చినా తీసుకోరు, అది మోసే కార్మికుల నడుముల కోసం పెట్టిన హద్దు, అక్కడ వస్తువులు విడదీయడం తప్ప మార్గం లేదు. సూపర్‌వైజర్‌ని పిలవమని అడగడంలోనూ తప్పు లేదు. కౌంటర్లో కూర్చున్న మనిషికి సిస్టంలో అంకె మార్చే అధికారం చాలాసార్లు ఉండదు, పై మనిషికి ఉండొచ్చు.

ఇవన్నీ కౌంటర్ దగ్గర, గంటన్నర ముందు వస్తే. గేటు దగ్గర పరిస్థితి వేరు. అక్కడ గడియారం వాళ్ల పక్షాన ఉంటుంది. ఒకసారి నేను గేటు దగ్గర పావుగంట వాదించాను, నా బ్యాగు ఫ్రేములో పట్టింది కూడా, అయినా పైకి కొంచెం ఉబ్బిందని పట్టుకున్నారు. చివరికి "కడతారా, దిగిపోతారా" అన్నప్పుడు కట్టాను. పావుగంట వాదనలో నాకు మిగిలింది దడ ఒక్కటే, ఎందుకంటే ఆ కోపంలో ఫ్రేములో ఉన్న బ్యాగుని ఫొటో తీయాలని తోచలేదు. తర్వాత మెయిల్ పెడితే "మా సిబ్బంది పరిశీలన ప్రకారం మీ బ్యాగు పరిమాణం మించింది" అని రెండు లైన్లు వచ్చాయి. నా దగ్గర కాదనడానికి ఏముంది? నోటిమాటే.

అందుకే నా లెక్కలో కౌంటర్ దగ్గరైనా గేటు దగ్గరైనా చేయాల్సింది గొడవ కాదు, సాక్ష్యం పోగేయడం. అంకె కనపడేలా కాటా ఫొటో. ఫ్రేములో బ్యాగు ఫొటో. బ్యాగు ట్యాగు, బోర్డింగ్ పాస్, రసీదు. రసీదు మీద ఎన్ని కిలోలకి, ఏ కారణంతో వసూలు చేశారో రాయమని అడగాలి, వాళ్లు రాయకపోతే మీరే ఫోన్లో టైమూ కౌంటర్ నంబరూ నోట్ చేసుకోవాలి. కొన్ని విమానాశ్రయాల్లో భద్రతా తనిఖీ దగ్గర ఫొటోలు తీయనివ్వరు, చెక్-ఇన్ దగ్గరే పని కానిచ్చుకోండి, సిబ్బంది మొహాలు ఫొటోలో పడకుండా చూసుకోండి, లేకపోతే అసలు విషయం పక్కకిపోయి అదో కొత్త గొడవ అవుతుంది. ఇంకోటి, డబ్బు కార్డుతోనే కట్టాలి. నగదు ఇస్తే ముందు చెప్పబోయే బ్యాంకు దారి మూసుకుపోయినట్టే.

కట్టేసి తర్వాత రాసే మెయిలు చూడ్డానికి చప్పగా ఉంటుంది గానీ, నిజంగా తప్పు వాళ్లదే అయితే నా అనుభవంలో ఎక్కువ పనిచేసింది ఇదే. ఆ 25 కిలోలు, 15 కిలోల కేసు నాదే. మొదటి జవాబు ఎప్పటిలాగే కాపీ పేస్ట్, "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం, నిబంధనల ప్రకారం" వగైరా. అది చదివి సగం మంది ఆగిపోతారు, ఆగిపోవాలనే దాన్ని అలా రాస్తారని నా అనుమానం. రెండో మెయిల్లో నేను కథ మొత్తం తీసేశాను. బుకింగ్ నంబరు, తేదీ, ఇ-టికెట్‌లో అలవెన్స్ (అనుమతించిన బరువు) ఉన్న లైను, కౌంటర్లో వసూలు చేసిన రసీదు, ఈ రెంటికీ పొంతన లేదు, ఫలానా మొత్తం ఫలానా కార్డుకి 14 రోజుల్లో తిరిగి జమచేయండి, అంతే. క్యూలో ఎంతసేపు నిలబడ్డానో, ఆ అమ్మాయి ఎలా మాట్లాడిందో ఒక్క మాట లేదు. మూడు వారాలకి డబ్బు వచ్చింది. వోచర్ ఇస్తామని మధ్యలో ఒకసారి అన్నారు, వద్దు కార్డుకే వేయమన్నాను. తప్పుగా తీసుకున్న డబ్బుకి బదులు వాళ్ల దగ్గరే ఖర్చుపెట్టాల్సిన, గడువు దాటితే పోయే కాగితం ఎందుకు?

మెయిల్లో కొందరు గంభీరంగా 1999 నాటి మాంట్రియల్ ఒప్పందాన్ని ఎత్తి చూపుతారు. దయచేసి వద్దు. అది అంతర్జాతీయ ప్రయాణంలో బ్యాగు పోయినా, పాడైనా, ఆలస్యమైనా పరిహారం గురించి. చెక్-ఇన్ బ్యాగు పాడైతే 7 రోజుల్లో, ఆలస్యమైతే 21 రోజుల్లో రాతపూర్వకంగా చెప్పాలనేది అందులోదే. ఎక్స్‌ట్రా ఛార్జికి దానితో సంబంధం లేదు, అది చూడగానే అవతలివాళ్లకి మీ దగ్గర సరుకు లేదని అర్థమైపోతుంది. పనికొచ్చేది టికెట్ కొన్న రోజున ఉన్న వాళ్ల సొంత నిబంధనల పేజీ. అవి తరచూ మారుతుంటాయి కాబట్టి కొన్నప్పుడే ఒక స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుంటే, తర్వాత "మా నిబంధన ఇదీ" అని వాళ్లు కొత్త పేజీ లింకు పంపినప్పుడు ఉపయోగపడుతుంది.

బ్యాంకు డిస్ప్యూట్, అంటే చార్జ్‌బ్యాక్, వినడానికి బ్రహ్మాస్త్రంలా ఉంటుంది. ఎయిర్‌లైన్‌తో మాట్లాడే పని లేదు, బ్యాంకే వెనక్కి లాగేస్తుంది అని. మా వదిన అదే నమ్మింది. ముందే కొన్న బరువు సిస్టంలో లేదన్నారు, కౌంటర్లో మళ్లీ కట్టింది, దిగగానే ఎయిర్‌లైన్‌కి ఒక్క మెయిల్ కూడా పెట్టకుండా నేరుగా బ్యాంకు యాప్‌లో డిస్ప్యూట్ కొట్టింది. బ్యాంకు ఎయిర్‌లైన్‌ని అడిగింది, వాళ్లు "ప్రయాణికురాలు విమానం ఎక్కారు, బ్యాగు చేరింది, సేవ అందింది" అని కాగితాలు పంపారు, కేసు మూసేశారు. వాళ్లు చెప్పింది అబద్ధం కూడా కాదు. ఎయిర్‌లైన్ నిబంధన తప్పా ఒప్పా అని బ్యాంకు విచారించదు, సేవ అందిందా, చెప్పినట్టే అందిందా, రెండుసార్లు వసూలైందా, ఇస్తామన్న రిఫండ్ ఇవ్వలేదా, ఇలాంటి గళ్లలోనే చూస్తుంది. వదిన మొదటి కొనుగోలు రసీదు జత చేసి, ఒకే సేవకి రెండుసార్లు వసూలు చేశారని గడి ఎంచుకుని ఉంటే సంగతి వేరేలా ఉండేది. ఆమె ఎంచుకున్నది "ఈ లావాదేవీ నేను చేయలేదు" అన్న గడి. కోపంలో ఉన్న మనిషి పైనున్న మొదటి గడి నొక్కేస్తుంది, ఏం చేస్తాం.

కాబట్టి మెయిలుకీ చార్జ్‌బ్యాక్‌కీ మధ్య పోటీ పెడితే నా ఓటు మెయిలుకే, రెండోది దాని వెనకాల రావాలి. మెయిల్లో వాళ్లు తప్పు ఒప్పుకునో, రిఫండ్ ఇస్తామనో రాసి తర్వాత నానబెడితే, ఆ మెయిలే బ్యాంకులో గట్టి సాక్ష్యం. కాకపోతే గడువు మీద కన్నుండాలి. వీసా, మాస్టర్‌కార్డ్ డిస్ప్యూట్లలో చాలా రకాలకి 120 రోజుల హద్దు ఉంటుంది, మీ బ్యాంకు ఇంకా తక్కువ చెప్పొచ్చు, ఎయిర్‌లైన్ "పరిశీలిస్తున్నాం" అంటూ ఆ రోజుల్ని తినేస్తుంది. నేనైతే అరవై రోజులు దాటనివ్వను. ఇంకో జాగ్రత్త, డిస్ప్యూట్ ఆ లగేజీ లావాదేవీ మీదే పెట్టాలి. మొత్తం టికెట్ మీద పెట్టి, తిరుగు ప్రయాణం కూడా అదే సంస్థలో ఉంటే, మీ బుకింగ్ చిక్కుల్లో పడొచ్చు.

నియంత్రణ సంస్థలు, వినియోగదారుల ఫోరాలు చివరి దారి. ఇది ఏ దేశంలో ఎగురుతున్నారన్న దాన్ని బట్టి పూర్తిగా మారిపోతుంది. అమెరికాకి సంబంధించిన విమానాల్లో రాతపూర్వక ఫిర్యాదు అందిందని ఎయిర్‌లైన్ 30 రోజుల్లో చెప్పాలి, 60 రోజుల్లో సరైన జవాబివ్వాలి. యూరప్‌లో 2014లో అక్కడి న్యాయస్థానం ఒక స్పెయిన్ కేసులో, చెక్-ఇన్ బ్యాగుకి విడిగా డబ్బు తీసుకోవచ్చు గానీ సహేతుకమైన బరువు, సైజు ఉన్న చేతి సామానుకి అదనంగా తీసుకోకూడదని చెప్పింది. ఆ "సహేతుకం" అంటే ఎన్ని సెంటీమీటర్లో చెప్పలేదు, గొడవంతా అక్కడే. 2024 నవంబరులో స్పెయిన్ ప్రభుత్వం చేతి సామాను ఛార్జీల్లాంటి పద్ధతుల మీద ఐదు విమాన సంస్థలకి మొత్తం 17.9 కోట్ల యూరోల జరిమానా వేసింది, ఆ సంస్థలు ఒప్పుకోక సవాలు చేశాయి. వినడానికి బాగుంది కదా? కానీ జరిమానా ఖజానాకి పోతుంది, మీ కార్డుకి కాదు. పోయింది ఒక్క బ్యాగు ఛార్జి అయితే ఫారాలు, నెలల ఎదురుచూపు లెక్కేసుకుని దిగండి. కుటుంబం మొత్తానికి వసూలు చేసి పెద్ద మొత్తమే అయితే, వెళ్లండి, మెయిళ్ల వరస మొత్తం జత చేసి.

సోషల్ మీడియాలో ట్యాగ్ చేయడం ఒక దారని చాలామంది అంటారు. జవాబు త్వరగా వస్తుంది, నిజమే, అది కూడా "మీ బుకింగ్ నంబర్ మెసేజ్ చేయండి" అనే. బోర్డింగ్ పాస్ ఫొటో మాత్రం పెట్టకండి, దానిమీదున్న నంబరూ ఇంటిపేరూ చాలు, ఎవరైనా మీ బుకింగ్ తెరవడానికి.

వదిన ఆ దెబ్బ తర్వాత పూర్తిగా మారిపోయింది. మొన్న ప్రయాణంలో అరకిలో ఎక్కువొచ్చిందన్నారట. గొంతు పెంచకుండా, "కడతానమ్మా, ఎన్ని కిలోలకో, ఏ కారణానికో రసీదు మీద రాసివ్వు" అని కార్డు చేతిలో పట్టుకుని నిలబడింది. ఆ అమ్మాయి ఒకసారి కాటా వైపు, ఒకసారి క్యూ వైపు చూసి, ట్యాగు అంటించి బ్యాగుని బెల్టు మీదకి తోసేసిందట.