స్కీ బూట్లలో కాలు మొద్దుబారకుండా చేసిన పాలకొల్లు చెప్పుల షాపు

మన గోదావరి జిల్లాల్లో, మంచు మీద జారడానికి వేసుకునే స్కీ బూట్ల గురించి రాస్తే ఎవరు చదువుతారని మా ఆవిడ అడిగింది. చదివేవాళ్లు ఉన్నారు. ఎల్‌ఎఫ్‌సీ (బ్యాంకు ఇచ్చే ప్రయాణ రాయితీ) మీద కాశ్మీర్ వెళ్లి గుల్మార్గ్‌లో మంచు మీదకి దిగిన మా బ్యాంకు వాళ్లు, ఔలీలో కోర్సు చేసొచ్చిన భీమవరం ఇంజనీరింగ్ పిల్లలు, అమెరికాలో కొడుకు దగ్గరికి వెళ్లి స్కీయింగ్ నేర్చుకున్న మా వీధి మేష్టారు, అందరూ ఒకటే మాట అంటున్నారు: "అంతా బాగుందండీ, ఆ బూట్లే ప్రాణం తీశాయి." వాళ్ల కోసమే ఇది. పాలకొల్లులో క్షీరారామం గుడికి వెళ్లే దారిలో, ఒక సందులో ఉన్న చెప్పుల షాపాయన నా స్కీ బూట్ల లోపలి భాగాన్ని నా కాలికి తగ్గట్టు సర్దిపెట్టారు. ఆ పని ఎలా ఉందో, దాని హద్దు ఎక్కడో చెబుతాను.

ముందు అసలు ఇబ్బంది ఏమిటో తెలియాలి. చిన్నప్పటి నుంచి చెప్పుల్లో, లేకపోతే ఉత్త కాళ్లతో తిరిగిన పాదాలు మనవి. వేళ్లు విచ్చుకుని ముందుభాగం వెడల్పుగా ఉంటుంది, మడమ మాత్రం సన్నగా ఉంటుంది. నా కుడి పాదం పొడవు 262 మిల్లీమీటర్లు, ఎడమది 258. బొటనవేలి మొదలు దగ్గర వెడల్పు 104. గుల్మార్గ్‌లో నేను బూట్లు అద్దెకు తీసుకున్న చోట టేపు పెట్టి కొలవలేదు. పాదం చూసి "వెడల్పు కాలు" అని 28.5 సైజు తీసిచ్చారు, చలి కదా అని రెండు జతల ఉన్ని సాక్సు వేసుకోమన్నారు. స్కీ బూటు మీద ఉండే సైజు అంటే పాదం పొడవు, సెంటీమీటర్లలో. 28.5 అంటే 285 మిల్లీమీటర్ల కాలికి తగిన బూటు. నా కాలికి రెండు సెంటీమీటర్లకు పైగా ఎక్కువన్నమాట.

షాపులో నిలబడితే హాయిగానే ఉంటుంది. మంచు మీదకి వెళ్లాకే తెలుస్తుంది. మలుపు తిప్పినప్పుడల్లా పాదం ముందుకు జారి వేళ్లు ముందు గోడకి కొట్టుకుంటాయి, మడమ లేస్తుంది, బూటు కింద బిగించిన స్కీ పలక మన మాట వినదు. జారకుండా ఉండాలని బకిల్సు ఇంకో గడి బిగిస్తాం. మీగాలి మీద పడే బకిల్ ఉంది చూశారా, అసలు తంటా దానితోనే. అక్కడ కండ పెద్దగా ఉండదు. చర్మం కిందే ఎముక, దాని మీదుగా వేళ్లలోకి వెళ్లే నరాలు, రక్తనాళం. అక్కడ గట్టిగా నొక్కితే కాసేపటికే వేళ్లకి తిమ్మిరెక్కుతుంది, తర్వాత చల్లబడతాయి, ఆ తర్వాత ఉన్నాయో లేవో తెలియదు. దానికి తోడు రెండు సాక్సుల మడతలు. కాబట్టి కాలు మొద్దుబారింది అనగానే బూటు చిన్నదైందని అనుకోకండి. చాలామందికి బూటు పెద్దదవడం వల్లే మొద్దుబారుతుంది. వెడల్పు కాలికి కావలసింది వెడల్పు బూటు, పొడుగు బూటు కాదు.

తర్వాత డెన్వర్‌లో ఉన్న మా బావమరిది సీజన్ చివర్లో తగ్గింపు ధరకి ఒక జత కొని తెచ్చాడు. సైజు 26.5, వెడల్పు 102 మిల్లీమీటర్లు, ఫ్లెక్స్ 90. ఈ వెడల్పు అంకె కంపెనీలు మామూలుగా 26.5 సైజుని బట్టి చెబుతాయి. సన్నటివి 98 దగ్గర ఉంటాయి, 102, 103 అంటే వెడల్పు కాళ్లవాళ్లకి. ఫ్లెక్స్ అంటే బూటు ముందుకి ఎంత తేలిగ్గా వంగుతుందో చెప్పే అంకె, కానీ ఒక కంపెనీ 90 ఇంకో కంపెనీ 90 ఒకటి కావు. ఇంకో సంగతి, చాలా కంపెనీల్లో 26, 26.5 రెండిటికీ బయటి షెల్ ఒకటే. అందుకని అర సైజు పెంచితే సుఖంగా ఉంటుందనుకోవడం దండగ.

బూటు సైజు సరైనదో కాదో ఇంట్లోనే చూసుకోవచ్చు. లోపలి మెత్తటి లైనర్ బయటికి లాగేసి, ఉత్త షెల్‌లో ఉత్త కాలు పెట్టాలి. వేళ్లు ముందు గోడకి ఆనేలా జరిపి, మోకాలు కాస్త వంచి, మడమ వెనక ఎంత ఖాళీ ఉందో చూడాలి. ఒకటిన్నర నుంచి రెండు సెంటీమీటర్లు, అంటే సుమారుగా ఒక వేలు పైన, రెండు వేళ్ల లోపు ఉండాలి. మూడు వేళ్లు పట్టాయంటే ఆ బూటు మీది కాదు. ఇది అద్దె షాపులో కూడా చేయండి. మొహమాటపడకండి, డబ్బు మనది, కాలూ మనదే.

నా బూటు ఈ పరీక్షలో నెగ్గింది. అయినా మూడు చోట్ల తేడా మిగిలింది. సన్న మడమ కాబట్టి కొద్దిగా లేస్తోంది. చిటికెన వేలి మొదలు దగ్గర లైనర్ నొక్కుతోంది. బరువు వేసి నిలబడితే పాదం వంపు అణిగిపోయి, పాదం పొడవూ వెడల్పూ కూడా కాస్త పెరుగుతున్నాయి. విదేశాల్లో ఈ సర్దుబాట్లకే బూట్ ఫిట్టర్లని వేరే పనివాళ్లుంటారు. మనకి వాళ్లెక్కడ దొరుకుతారు?

పాలకొల్లు షాపాయనకి నేను పాత ఖాతాదారుని. షుగర్ ఉన్నవాళ్లకి ఎంసీఆర్ (మెత్తటి రబ్బరు) చెప్పులు, కాళ్లు ఎగుడుదిగుడుగా ఉన్నవాళ్లకి ఒక పక్క ఎత్తు సోలు వేసిన చెప్పులు కుట్టడంలో ఆయనది మంచి చెయ్యి. బూట్లు బల్ల మీద పెట్టగానే బకిల్సు తీసి, లైనర్ బయటికి లాగి, చెయ్యి లోపల పెట్టి తడిమి చూశారు.

"ఇది కాలికి వేసుకునేదేనాండీ? బిందెలా ఉంది."

"మంచు మీద జారడానికి బాబాయ్ గారూ. లోపల మెత్త సరిచేయాలి. పైది ముట్టుకోనక్కర్లేదు."

"ఆయ్, ముందు కాలు చూడనివ్వండి."

ఆయన కాలు చూసిన తీరు వల్లే ఈ షాపుని మెచ్చుకుంటున్నాను. నా పాదం తడిపించి సిమెంటు గచ్చు మీద ఒక అడుగు వేయించారు. అచ్చు నిండుగా పడింది, లోపలి పక్క వంపు ఉండాల్సిన చోట కూడా. తర్వాత అట్టముక్క మీద రెండు సార్లు పాదం గీశారు. మొదట కూర్చోబెట్టి నల్ల పెన్సిలుతో, తర్వాత ఒంటికాలి మీద నిలబెట్టి ఎర్ర పెన్సిలుతో. పెన్సిల్ ఎక్కడా ఒరగకుండా నిటారుగా పట్టుకున్నారు. ఎర్ర గీత నల్ల గీతని దాటి బయటికి వచ్చింది, ముఖ్యంగా బొటనవేలి ముందు, లోపలి పక్క. "ఈ తేడాయే మిమ్మల్ని ఏడిపిస్తోంది బాబూ. కింద ఆనిక ఉంటే పాదం ఇలా పరుచుకోదు" అన్నారు. స్కీ బూటు ఆయన అంతకుముందు చూడలేదు, కానీ బూట్ ఫిట్టర్లు చెప్పే మాట సరిగ్గా ఇదే.

పని ఇలా చేశారు. కార్క్ మీద పల్చటి తోలు వేసి గట్టి ఇన్‌సోల్ ఒకటి, వంపు కింద ఆనిక ఉండేలా. మెత్తటి ఎంసీఆర్ వేయనన్నారు, బరువుకి అణిగిపోతే ఆనిక ఉండదని. మడమ లేవకుండా లైనర్ బయటి వైపు, చీలమండ ఎముకకి వెనకా కిందా ఉన్న గుంటలో నిండేలా వంకీ ఆకారంలో ఫెల్ట్ ముక్కలు కత్తిరించి సొల్యూషన్‌తో అంటించారు. ఎముక మీద ఏమీ పడకూడదు, దాని చుట్టూ నిండాలి, అప్పుడే మడమ గూట్లో కూర్చుంటుంది. చిటికెన వేలి దగ్గర లైనర్ బయటి పొరని సాన మిషన్ మీద కొద్దికొద్దిగా అరగదీశారు. రెండు కాళ్లకీ కలిపి 900 రూపాయలు తీసుకున్నారు. మొత్తం వారం పట్టింది.

షెల్‌ని వేడి చేసి వెడల్పు చేయగలరా అని కూడా అడిగాను. "ఈ ప్లాస్టిక్కు నాకు తెలీదండి, పాడుచేస్తే మీకు నేను కొనివ్వలేను" అన్నారు. ఆ మాటతో నాకు గౌరవం ఇంకా పెరిగింది. షెల్‌ని సాగదీయడానికి దాని ప్రెస్సు, దాని వేడి లెక్క వేరే ఉంటాయి. హెయిర్ డ్రయ్యర్లతో, స్టౌ మంటతో ఇంట్లో ప్రయత్నాలు చేయకండి.

లోపాలూ చెప్పాలి. మొదటి ఇన్‌సోల్ మందం ఎక్కువైంది. కింద ఎత్తు పెరిగితే పాదం పైకి లేస్తుంది, మీగాలు షెల్‌కి నొక్కుకుంటుంది, మళ్లీ అదే తిమ్మిరి. ఇంట్లో అరగంట వేసుకుని కూర్చుంటేనే తెలిసిపోయింది. ఎడమ కాలి ఫెల్ట్ ముక్క కూడా కాస్త పైకి అంటించడంతో ఎముకని నొక్కేది. తీసుకెళ్లి చూపిస్తే ఒక్క మాట అడ్డు చెప్పకుండా కార్క్‌ని కింది నుంచి చెక్కి పల్చన చేశారు, ఫెల్ట్ ఊడదీసి కిందికి మార్చారు. అదనంగా డబ్బు తీసుకోలేదు. సొల్యూషన్ వాసన మాత్రం చాలా రోజులు పోలేదు, లైనర్లు నీడలో గాలికి ఆరబెట్టాల్సి వచ్చింది.

ఇంట్లో వేసి చూసేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. మన ఎండకి ఈ ప్లాస్టిక్ మెత్తబడుతుంది, బూటు తేలిగ్గా వంగుతుంది, కాలు తేలిగ్గా దూరుతుంది. అదే బూటు గుల్మార్గ్‌లో పొద్దున్నే బిర్రబిగుసుకుపోయి ఉంటుంది. అక్కడ రాత్రి బూట్లని వరండాలో వదలకుండా గదిలోనే పెట్టుకోండి.

ఇక మంచు మీద ఫలితం. గొండోలా (తీగ మీద నడిచే కేబుల్ కారు) మొదటి దశలో కొంగ్‌డూరి వరకు వెళ్లి అక్కడి వాలుల్లో మధ్యాహ్నం దాకా తిరిగాను. వేళ్లు పది కదులుతూనే ఉన్నాయి, మడమ కదల్లేదు. మీగాలి బకిల్ మొదటి గడిలోనే ఉంచాను, అంతకన్నా బిగించాల్సిన అవసరమే రాలేదు. చిటికెన వేలి దగ్గర సాయంత్రానికి కొంచెం ఎర్రబడింది, నొప్పి లేదు. నా దృష్టిలో ఆ 900 రూపాయలు బూటు ఖరీదు కన్నా ఎక్కువ పని చేశాయి.

వేసుకునే పద్ధతి కూడా సగం వైద్యం. పల్చటి సాక్సు ఒకటే, మోకాలి కింద దాకా వచ్చేది. థర్మల్ ప్యాంటు అంచుని బూటులోకి దూర్చకండి, ఆ మడతే ముంగాలి ఎముకని కోసేస్తుంది. కాలు పెట్టాక మడమని నేలకి రెండు మూడు సార్లు తట్టి వెనక్కి కూర్చోబెట్టండి. మోకాలు ముందుకి వంచి, ముందు పై బకిల్సు పెట్టుకోండి, అప్పుడు మడమ దాని చోట్లోకి దిగుతుంది. కింది రెండూ చివర్లో, ఊరికే ఆనేంత. నిటారుగా నిలబడితే వేళ్లు ముందు తగలాలి, మోకాలు వంచితే వెనక్కి రావాలి. నిటారుగా ఉన్నప్పుడు తగులుతున్నాయని పెద్ద సైజు అడగొద్దు. గొండోలా ఎక్కగానే బకిల్సు అన్నీ వదులు చేయండి.

బకిల్సు తీశాక కొద్ది నిమిషాల్లో చీమలు పాకినట్టై స్పర్శ తిరిగొస్తే అది నొక్కుడు వల్ల వచ్చిన తిమ్మిరి. రాకపోయినా, వేళ్లు తెల్లగా మైనంలా కనిపించినా అది చలి దెబ్బ కావచ్చు. వెంటనే లోపలికి వెళ్లి డాక్టరుకి చూపించండి, మంచుతో రుద్దడం అసలు వద్దు. షుగర్ ఉన్నవాళ్లు మన వైపు చాలామంది. పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లకి బూటు కోస్తున్నా తెలియదు. డాక్టరుని అడిగాకే వెళ్లండి, వెళ్తే మధ్యమధ్యలో సాక్సు విప్పి కంటితో చూసుకోండి. మా అన్నయ్యకి కూడా నేను చాలా పట్టుదలగా చెప్పే మాట ఇదే.

సొంత బూట్లు తీసుకెళ్లి స్కీలు అద్దెకి తీసుకునేవాళ్లు బైండింగుని (బూటుని స్కీకి పట్టి ఉంచే బిగింపుని) మీ బూటుకి సరిచేయించండి. మడమ పక్కన షెల్ మీద సోలు పొడవు మిల్లీమీటర్లలో అచ్చు వేసి ఉంటుంది, ఆ అంకె చూపించండి. ఈమధ్య వచ్చే గ్రిప్‌వాక్ సోళ్లు (నడవడానికి వీలుగా వంపు తిరిగినవి) పాత బైండింగులకి సరిపడవు, అది కూడా అడగండి. పడ్డప్పుడు స్కీ ఊడి రాకపోతే దెబ్బతినేది కాలూ, మోకాలూ.

ఊరికి తిరిగొచ్చాక మన తేమకి లైనర్లు బూజు పట్టడానికి ఒక్క వర్షాకాలం చాలు. లైనర్లు తీసి నీడలో పూర్తిగా ఆరబెట్టి, తిరిగి పెట్టి, షెల్ ఆకారం పోకుండా బకిల్సు వదులుగా పెట్టి, అటక మీద కాకుండా గాలాడే చోట ఉంచండి.

షాపుకి వెళ్లేవాళ్లు బూటుతో పాటు మీరు వేసుకునే సాక్సు కూడా పట్టుకెళ్లండి. పొద్దున పూట వెళితే ఆయనకి తీరిక ఉంటుంది. పెళ్లిళ్ల సీజన్లో పని ఆలస్యం అవుతుంది కాబట్టి, జనవరిలో ప్రయాణమైతే దసరా అవగానే ఇచ్చేయండి. రెండోసారి సర్దుబాటుకి వెళ్లాల్సి వస్తుందని ముందే అనుకోండి.

చేతిపనికి అయిదుకి అయిదు. మొదటిసారే సరిగ్గా కుదరనందుకు మొత్తం మీద నాలుగున్నర.