కొత్త జీన్స్ పొడవు షాపులోనే కత్తిరించనివ్వకండి

చీరలు, చుడీదార్లు అలవాటైన ఆడవాళ్లు కొత్తగా జీన్స్ కొనబోతుంటే ఇది చదివి వెళ్లండి. అమెరికాలో కూతురి దగ్గరికి బయల్దేరుతున్న మా వదిన కోసం కూకట్‌పల్లి వైపు ఒక పెద్ద బట్టల షాపుకెళ్లాం. అక్కడ మాకు జరిగింది ఇంకొకరికి జరగకూడదు.

వదినకు జీన్స్ కొత్తని సేల్స్ అబ్బాయికి చూడగానే అర్థమైపోయింది. ఆవిడ ట్రయల్ రూమ్ నుంచి మొహమాటపడుతూ బయటికి రాగానే "సూపర్‌గా ఉంది మేడమ్, పొడవొక్కటే ఎక్కువ, ఆల్టరేషన్ ఫ్రీ" అంటూ మడమ దగ్గర సుద్దతో గీత గీశాడు. మేం బిల్లు కట్టి వచ్చేసరికి కింద కత్తిరించి కుట్టేశారు కూడా. ఇంట్లో ఓ పూట వేసుకుని తిరిగేసరికి నడుం వదులైపోయింది, లేచినప్పుడల్లా పైకి లాక్కోవాల్సిందే. లేబుల్ మీద 34 అని ఉంది, టేపు పెట్టి కొలిస్తే 36 దాటింది. మర్నాడు తీసుకెళ్తే "కత్తిరించిన సరుకు వెనక్కి తీసుకోం" అన్నారు. పైగా మేనేజర్ "ఈ వయసులో మీకు చుడీదారే బాగుంటుందమ్మా" అని సలహా ఇచ్చాడు. వదిన మొహం చిన్నబోయింది. డబ్బు పోయినదానికన్నా నాకు ఆ మాటే ఎక్కువ బాధేసింది. నచ్చిన బట్ట వేసుకోవడానికి వయసుతో ఏం పని?

స్ట్రెచ్ జీన్స్‌లో సాగే గుణమిచ్చే ఎలాస్టేన్ కలిసేది ఎక్కువగా పేక దారంలో, అంటే అడ్డంగా. అందుకే వేసుకున్న కొద్దీ నడుం, తొడల దగ్గర వదులవుతుంది. పొడవు సంగతి వేరు. నూలు ఎక్కువున్న డెనిమ్ (జీన్స్ బట్ట) మొదటి ఉతుకులో కాస్త కుంచించుకుపోవచ్చు. మా వదినది ఉతికాక చీలమండ పైకొచ్చింది. కాబట్టి ఫ్రీ ఆల్టరేషన్ అని ఎంత తొందరపెట్టినా ఒప్పుకోకండి. ఇంటికి తెచ్చి, నడుం సరిపోయిందని తేల్చుకుని, ఒకసారి ఉతికాకే మీ టైలర్ దగ్గర పొడవు చేయించుకోండి.

ట్రయల్ రూమ్‌లో నిలబడి అద్దంలో చూసుకుంటే చాలదు. కూర్చోండి, వంగండి. వెనక నడుం దగ్గర చెయ్యి దూరేంత సందు వస్తే ఆ జత వదిలేయండి. నాడా కట్టుకునే అలవాటున్నవాళ్లకు హై రైజ్, అంటే నడుం పైదాకా వచ్చే రకం అయితే ఇబ్బంది తక్కువ. లేబుల్ అంకెను నమ్మకండి, ఒక్కో కంపెనీ 34 ఒక్కోలా ఉంటుంది. పర్సులో టేపు పెట్టుకెళ్లండి. ముదురు నీలం రంగైతే తెల్ల కర్చీఫ్‌తో గట్టిగా రుద్ది చూడండి. జీన్స్‌కు వేసే ఇండిగో అనే నీలి రంగు, దారానికి పైపైనే పట్టుకుని ఉంటుంది కాబట్టి లేత రంగు కుర్తీకి అంటుకుంటుంది.

ఇక బిల్లు విషయం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోపు, గడువు రాయకపోతే 30 రోజుల్లోపు, వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వకపోవడం తప్పుడు వ్యాపార పద్ధతి కిందికొస్తుంది. కేవలం రంగు నచ్చలేదంటే ఈ హక్కు వర్తించదు. అందుకే మేం లేబుల్‌కూ కొలతకూ ఉన్న తేడానే ముందు పెట్టి, బిల్లు, టేపు ఫోటోలతో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాం. జవాబు రాగానే చెప్తాను. ఈలోగా మీలో ఎవరికైనా ఇలాగే జరిగి ఉంటే బిల్లు పారేయకండి, ట్యాగు కూడా దాచి ఉంచండి.