సొంత షెల్ రాయడానికి సీ మేలా, పైథాన్ మేలా?

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల ఇంజనీరింగ్ చదివేవారిలో చాలామందికి ముందు సీ, ఆ వెనుక పైథాన్ పరిచయమవుతాయి. అందుచేత సెలవుల్లో సరదాకు సొంత కమాండ్ షెల్ (మనం టైప్ చేసిన కమాండ్లను అందుకుని నడిపించే ప్రోగ్రామ్) రాద్దామని కూర్చున్నవారికి మొదట ఎదురయ్యే ప్రశ్న, ఈ రెంటిలో దేనిని పట్టుకోవాలన్నదే. రోజువారీ వాడకానికి బాష్ అనే షెల్ 1989 నుంచీ, ఫిష్ అనేది 2005 నుంచీ ఉన్నాయి కనుక మరొకటి అవసరమై ఎవరూ రాయరు. ఎంటర్ నొక్కిన తరువాత లోపల ఏమి జరుగుతున్నదో తెలుసుకోవాలని రాస్తారు. ఆ లోపలి పనిని ఏ భాష దాచకుండా చూపిస్తుందన్నదే నా దృష్టిలో సరైన కొలత.

ఆరంభంలో పైథాన్‌దే పైచేయి. కొటేషన్ గుర్తులున్న వరుసను మాటలుగా విడగొట్టే పనిని షెలెక్స్ మాడ్యూల్ చేసిపెడుతుంది. సబ్‌ప్రాసెస్ మాడ్యూల్‌తో ఒక పూటలోనే కమాండ్లు నడిచే షెల్ చేతికొస్తుంది. సీలోనైతే ఆ విడగొట్టడమూ, దానికి కావలసిన మెమరీని కేటాయించి విడుదల చేయడమూ మన నెత్తినే పడతాయి. డైరెక్టరీ మార్చే సీడీ కమాండు విషయంలో మాత్రం రెంటికీ తేడా లేదు: డైరెక్టరీ మార్పు షెల్ పుట్టించిన బిడ్డ ప్రాసెస్‌లో (విడిగా నడిచే ప్రోగ్రామ్‌లో) జరిగితే తల్లి అయిన షెల్‌కు అంటదు కాబట్టి, ఏ భాషలోనైనా దానిని షెల్‌లోనే కట్టుకోవాలి.

అసలు పరీక్ష, ఒక కమాండు అవుట్‌పుట్‌ను మరో కమాండుకు ఇన్‌పుట్‌గా అందించే పైపు దగ్గర వస్తుంది. ఫైళ్ల పేర్లు చూపే ఎల్‌ఎస్ కమాండు ఇచ్చిన జాబితాను డబ్ల్యూసీ అనే మరో కమాండుకు పంపి వరుసలు లెక్కపెట్టించాలంటే, షెల్ ఒక పైపు తెరిచి, రెండుసార్లు ఫోర్క్ చేసి (తన నకలుగా బిడ్డను పుట్టించి), ఒక బిడ్డలో రాసే కొసను అవుట్‌పుట్‌కు, రెండవ దానిలో చదివే కొసను ఇన్‌పుట్‌కు డప్2తో తగిలించి, ఆపైన ఎగ్జెక్ చేయాలి (బిడ్డను ఆ కమాండుగా మార్చాలి). రాసే కొస ఎక్కడ ఒక్కచోట తెరిచి ఉండిపోయినా డబ్ల్యూసీకి ఇన్‌పుట్ అయిపోయిందన్న సంగతి తెలియదు. ఎల్‌ఎస్ ముగిసిపోయినా అది ఎదురుచూస్తూనే కూర్చుంటుంది. సత్యనారాయణపురంలో మా పక్కింటి కుర్రవాడు సీలో రాసిన షెల్ సరిగ్గా ఇక్కడే ఆగిపోగా, ‘హ్యాంగైపోయింది బాబాయ్’ అంటూ ల్యాప్‌టాప్ పట్టుకొచ్చాడు. ఆ కొసను షెల్‌లోనూ, డబ్ల్యూసీగా మారబోయే బిడ్డలోనూ కూడా మూయాలని వాడికి ఆ పూటే తెలిసింది. పైథాన్‌లో 3.4 వెర్షన్ నుంచి ఇలాంటి డిస్క్రిప్టర్లు (తెరిచిన ఫైళ్లకూ, పైపు కొసలకూ ఉండే సంఖ్యలు) మామూలుగా ఎగ్జెక్ దాటి వెళ్లవు గనుక బిడ్డలోని కొస తానే మూతపడుతుంది, షెల్‌లోనిది మాత్రం మనమే మూయాలి. సౌకర్యమే, కాదనను, అయితే సగం పాఠం ఆ సౌకర్యంలోనే పోతుంది.

పైథాన్ తెచ్చిపెట్టే చిక్కు మరొకటి ఉంది. అది మొదలవుతూనే, చదివేవారు లేని పైపులో రాయబోతే వచ్చే సిగ్‌పైప్ సంకేతాన్ని పట్టించుకోకుండా పక్కన పెడుతుంది, ఆ పక్కన పెట్టడం ఎగ్జెక్ తరువాత కూడా కొనసాగుతుంది. దానితో మనం ఫోర్క్, ఎగ్జెక్‌లతో కట్టిన షెల్‌లో ఒకే వరుసను ఆగకుండా రాసే యెస్ కమాండును, మొదటి వరుసలు మాత్రమే చూపే హెడ్‌కు కలిపితే, హెడ్ పది వరుసలు చదివి వెళ్లిపోయాక చప్పుడు చేయకుండా ఆగవలసిన యెస్ ‘బ్రోకెన్ పైప్’ అని ఫిర్యాదు చేస్తుంది. సబ్‌ప్రాసెస్ మాడ్యూల్ దీనిని తానే సరిచేస్తుంది. అది లేకుండా రాసేవారు బిడ్డలో సిగ్‌పైప్‌ను మామూలు స్థితికి తేవాలి. భాష వెనుక జరిగిన ఏర్పాటు మన షెల్ తప్పులాగా కనిపించడం కొత్తవారిని బాగా తికమకపెడుతుంది.

తెలుగులో ఫైళ్లకు పేర్లు పెట్టుకునేవారికి బ్యాక్‌స్పేస్ గొడవ అదనం. ‘గుంటూరు’ అన్న పేరు కంటికి మూడక్షరాలు, గుణింతపు గుర్తులనూ సున్నానూ విడిగా లెక్కించే పైథాన్‌కు ఏడు, అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో సీకి 21 బైట్లు. సీలో బైటు చొప్పున చెరిపితే అక్షరం విరిగిపోతుంది. పైథాన్‌లో విరగదు గానీ, ఆ ఏడింటినే కొలతగా పెట్టుకుని కర్సర్‌ను జరిపితే తెర మీద లెక్క తప్పుతుంది. ఇద్దరూ ఓడే పోటీ ఇది, కనుక టైప్ చేసే వరుసను దిద్దుకోనిచ్చే రీడ్‌లైన్ లైబ్రరీని అరువు తెచ్చుకోవడం ఉత్తమం.

రస్ట్, గో అనే మరో రెండు భాషల సంగతి క్లుప్తంగా చెబుతాను. ఫిష్‌ను సీ ప్లస్ ప్లస్ నుంచి రస్ట్‌లోకి మార్చి 2025లో 4.0గా విడుదల చేశారు, అంటే పెద్ద షెల్‌కు రస్ట్ చక్కగా సరిపోతుంది. కానీ షెల్‌నూ రస్ట్‌నూ ఒకేసారి నేర్చుకోబోతే రెండూ సగంలో నిలుస్తాయి. గోలో రన్‌టైమ్ (ప్రోగ్రామ్ వెంట నడిచే భాష సొంత యంత్రాంగం) అనేక థ్రెడ్లతో, అంటే ఒకేసారి సాగే పని పాయలతో నడుస్తుంది కాబట్టి ఫోర్క్‌ను విడిగా వాడుకోలేము. మనం చూడదలచినదే అక్కడ మూతపడి ఉంటుంది.

నా మొగ్గు సీ వైపే. ఇఫ్, ఫర్ వంటి స్క్రిప్టింగ్ జోలికి పోకుండా కమాండ్లు, దారి మళ్లింపులు (అవుట్‌పుట్‌ను ఫైలుకు పంపడం వంటివి), పైపులు, నడుస్తున్న కమాండును ఆపే కంట్రోల్-సీ వరకు రాస్తే చాలు. మనసంతా వ్యాకరణం మీద, అంటే షెల్ భాషను తీర్చిదిద్దడం మీద ఉన్నవారు మాత్రం నిస్సంకోచంగా పైథాన్ తీసుకోవచ్చు. వారికి సీలో పోయే కాలం వృథాయే. విండోస్‌లో ఫోర్క్ లేదు, పైథాన్ ఫోర్క్ కూడా అక్కడ పనిచేయదు కాబట్టి, ఆ ల్యాప్‌టాప్ ఉన్నవారు ఏ భాష ఎంచుకున్నా ముందుగా డబ్ల్యూఎస్‌ఎల్ (విండోస్‌లో లినక్స్‌ను నడిపే ఏర్పాటు) వేసుకోవాలి.