నాలుగేళ్లు వాడాక పవర్డ్ బాక్సుల గురించి: ముందుగా వెనక ప్యానెల్ చూడండి

పవర్డ్ బాక్సు అంటే ఆంప్లిఫైయర్ లోపలే ఉన్న స్పీకర్. మాట, పాట వినిపించే 12 అంగుళాల పవర్డ్ టాప్స్ రెండు, లోతైన బేస్ కోసం 18 అంగుళాల పవర్డ్ సబ్ ఒకటి, మైకులన్నిటినీ కలిపే 12 చానెళ్ల అనలాగ్ మిక్సర్. తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల నాలుగేళ్లుగా మా సెట్ ఇదే. కల్యాణ మండపాల్లో రిసెప్షన్లు, అన్నమయ్య కీర్తనల కచేరీలు, వినాయక చవితి పందిళ్లు, ధర్మరాజుల గుళ్ల దగ్గర భారతం జరిగే రోజుల్లో పగలు హరికథ, రాత్రి వీధినాటకం అన్నీ దీంతోనే నడిచాయి. కంపెనీ పేరు రాయడం లేదు. ఈ ధరలో దొరికే బాక్సులన్నీ లోపల ఇంచుమించు ఒకటే: ప్లాస్టిక్ క్యాబినెట్, తక్కువ వేడెక్కే క్లాస్ డి ఆంప్లిఫైయర్, దానికి కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్, పైన సన్నటి శబ్దాలకు హారన్, శబ్దం హద్దు దాటకుండా పట్టి అన్నిటినీ కాపలా కాసే డీఎస్‌పీ లిమిటర్.

అట్టపెట్టె మీద 1000 వాట్స్ అని ఉంటే అది పీక్ లెక్క, అంటే క్షణకాలం మాత్రమే ఇవ్వగలిగినది. నిలకడగా ఇచ్చేది అందులో సగం అనుకోవచ్చు. అసలు చూడాల్సింది డీబీ, అంటే శబ్దం ఎంత గట్టిగా వస్తుందో చెప్పే లెక్క. బాక్సు మీటరు దూరంలో 120 డీబీ ఇస్తుందనుకుంటే, ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 డీబీ పోతుంది. 8 మీటర్ల దగ్గర 102, 16 దగ్గర 96, 32 దగ్గర 90. మాట, పాట వరకు 300 మంది కూర్చున్న చోటికి ఈ జత చాలు. బ్యాండు, డ్రమ్స్ అంటే చాలదు. లిమిటర్ దీపం ఆగకుండా వెలుగుతుంటే బాక్సు చాలడం లేదనే అర్థం. ఇంకా పెంచితే గట్టిదనం రాదు, పాట నలిగిపోయి చెవులు మాత్రం అలసిపోతాయి.

స్టాండు సంగతి తేలిగ్గా తీసుకునేవాళ్లే ఎక్కువ. 35 మిల్లీమీటర్ల పోల్ మీద బాక్సు ఎక్కించి, హారన్ అంచు ముందు వరుస తలల కంటే పైన ఉండేలా పెట్టాలి. జనం నిలబడే చోట 2 మీటర్లు దాటించాలి. హరికథకు జనం చాపల మీద కూర్చుంటారు కాబట్టి అంత ఎత్తు అక్కర్లేదు, బాక్సు ముఖం కిందికి వంగి ఉంటే మేలు. మండపాల్లో టైల్స్ నేల, సిమెంటు గోడలు, ఎత్తైన సీలింగ్. అక్కడ హారన్ హాలు వెనక గోడ వైపు చూసిందంటే మాట ముద్దముద్దగా వినిపిస్తుంది. వాల్యూమ్ పెంచకండి, ముఖం కిందికి తిప్పండి. ఒకే వైపు రెండు టాప్స్ పక్కపక్కన పెట్టి ఒకే దిక్కు చూపించడం కూడా తప్పే. రెండిటి శబ్దం కలిసి కొన్నిచోట్ల పెరుగుతుంది, కొన్నిచోట్ల తినేసుకుంటుంది. పెళ్లిళ్లలో స్టీరియో వద్దు, మోనోలో ఉంచండి. పక్కన కూర్చున్నవాళ్లకు సగం పాటే వినిపిస్తే ఏం లాభం?

ఇక వెనక ప్యానెల్. పవర్డ్ బాక్సుతో వచ్చే తిప్పలు దాదాపు అన్నీ ఇక్కడే పుడతాయి.

మొదటిది లైన్, మైక్ స్విచ్. మిక్సర్ నుంచి వచ్చేది లైన్ సిగ్నల్, మైక్ సిగ్నల్ కంటే బాగా బలమైనది. స్విచ్ మైక్ వైపు ఉంటే మొదటి మాటకే పగిలిన శబ్దం వస్తుంది, మాట లేనప్పుడు బుస్సుమంటుంది. బాక్సు పోయిందనుకుని వెనక్కి పంపినవాళ్లూ ఉన్నారు. రెండోది లెవెల్ నాబ్. చాలా మోడళ్లలో గడియారం 12 చూపించినట్టు నిలువుగా పెట్టడమే సరైన చోటు. మిక్సర్ మెయిన్ ఫేడర్ (మొత్తం సౌండు పెంచి తగ్గించే జారుడు మీట) సున్నా దగ్గర పెట్టి, గాయకుడు గట్టిగా పాడినప్పుడు మీటరు సున్నా దాటి కొంచెం పైకి వెళ్లేలా మైక్ గెయిన్ (మైకు సిగ్నల్ పెంచే నాబ్) సర్దాలి. ఆ తర్వాత హాలుకు తగ్గట్టు బాక్సు నాబ్ తిప్పుకోవాలి. నాబ్ చివరిదాకా తిప్పి మిక్సర్‌ను కిందకు దించితే నిశ్శబ్దంలో బుస్సు తప్పదు. మూడోది లింక్ అవుట్. కొన్నిట్లో అది వచ్చిన సిగ్నల్‌ను ఉన్నదున్నట్టు రెండో బాక్సుకు పంపుతుంది. కొన్నిట్లో నాబ్ దాటాక వచ్చే మిక్స్‌ను పంపుతుంది. రెండో రకంలో మొదటి బాక్సు తగ్గిస్తే రెండోదీ తగ్గుతుంది. కొన్న రోజే ఇంట్లో తేల్చుకోండి.

సబ్ పెట్టినప్పుడు టాప్స్‌లో 100 హెర్ట్జ్ హైపాస్ వేయండి, అంటే అంతకంటే లోతైన శబ్దం వాటిలోకి రాకుండా ఆపండి. సబ్ లేకపోతే దాన్ని ఆపేసి, మిక్సర్‌లో గొంతు మైకులన్నిటికీ లోతైన శబ్దాన్ని కోసేసే లోకట్ నొక్కండి. లోకట్ లేకుంటే స్టేజీ చెక్కల మీద అడుగుల చప్పుడే సగం పవర్ తినేస్తుంది.

కరెంటు గురించి కాస్త ఎక్కువే రాయాలి. పాత పద్ధతిలో ఆంప్లిఫైయర్ ఒక్కటే కరెంటు దగ్గర కూర్చునేది, స్పీకర్లకు తీగ మాత్రమే వెళ్లేది. ఇప్పుడు ప్రతి బాక్సు దగ్గరికీ కరెంటు వెళ్లాలి. పందిట్లో త్రీఫేజ్ జనరేటర్ నుంచి లైట్లు ఒక ఫేజు మీద, సౌండు ఇంకో ఫేజు మీద వేస్తారు. అలా వేయడం సరైనదే. కానీ న్యూట్రల్ వదులైందంటే ఆ రెండు లోడ్లు 415 వోల్టుల మధ్య సిరీస్‌లో పడతాయి. తక్కువ కరెంటు లాగేదాని మీద వోల్టేజీ ఎగబాకుతుంది, సాధారణంగా అది మన బాక్సే. ఎస్‌ఎంపీఎస్ కాలిపోవడానికి క్షణం చాలు. అందుకే ప్లగ్ పెట్టేముందు మల్టీమీటర్ తీయాలి. ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య 220 నుంచి 240, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య రెండు మూడు వోల్టుల లోపు ఉండాలి. లైట్లన్నీ వేయించి మళ్లీ చూడాలి. సౌండు బోర్డుకు వోల్టేజీ ఎక్కువైతే కట్ చేసే ప్రొటెక్టర్ ఒకటి, కరెంటు లీకైతే ఆపేసే 30 మిల్లీయాంప్‌ల ఆర్‌సీసీబీ ఒకటి పెట్టాం. తీగ 2.5 చదరపు మిల్లీమీటర్ల త్రీకోర్. చుట్ట విప్పకుండా వాడితే వేడెక్కుతుంది, మొత్తం పరిచేయండి.

ల్యాప్‌టాప్ చార్జర్ పెట్టగానే గుయ్‌మంటే అది గ్రౌండ్ లూప్, అంటే ఎర్త్ రెండు దారుల్లో కలవడం వల్ల వచ్చే గోల. దాన్ని ఆపడానికి మూడు పిన్నుల ప్లగ్‌లో ఎర్త్ పిన్ను విరగ్గొట్టే అలవాటు ఇప్పటికీ చూస్తుంటాం. మైక్ పట్టుకున్న మనిషి ప్రాణంతో ఆటలు వద్దు. ల్యాప్‌టాప్‌కూ మిక్సర్‌కూ మధ్య డీఐ బాక్సు అనే చిన్న పెట్టె పెట్టి దాని గ్రౌండ్ లిఫ్ట్ (ఆడియో తీగలో ఎర్త్ విడదీసే స్విచ్) నొక్కితే సరిపోతుంది. మిక్సర్ నుంచి బాక్సుకు ఎప్పుడూ బయటి గోల పట్టని మూడు పిన్నుల బ్యాలెన్స్‌డ్ ఎక్స్‌ఎల్‌ఆర్ కేబులే వాడండి. ఆన్ చేసేటప్పుడు మిక్సర్ ముందు, బాక్సులు చివర. ఆపేటప్పుడు బాక్సులు ముందు.

కూత విషయం, అంటే స్పీకర్ శబ్దం మళ్లీ మైకులోకి దూరి కీచుమనడం. టాప్స్ మైకుల కంటే ముందుండాలి. మానిటర్‌గా, అంటే పాడేవాళ్లకు వాళ్ల గొంతు వినిపించడానికి, వాడే బాక్సు కార్డియాయిడ్ మైకుకు (వెనక శబ్దం పట్టని రకం) సరిగ్గా వెనక, సూపర్ కార్డియాయిడ్ మైకుకు (ఇంకా ఇరుకుగా ముందు వైపు పట్టే రకం) వెనక కాస్త పక్కగా ఉండాలి. హరికథలో దాసుగారి చేతిలోని చిరుతలు (చెక్క తాళాలు) 3 కిలోహెర్ట్జ్ చుట్టూ చెవిలో గుచ్చుతాయి. అక్కడ మూడు నాలుగు డీబీ తగ్గిస్తే దాసుగారి మాటా మెత్తబడుతుంది, కూతా తగ్గుతుంది. నాదస్వరానికి మైకు మూడడుగుల దూరంలో చాలు, డోలుకు చిన్న హాల్లో మైకే అక్కర్లేదు. వీధినాటకంలో జనం 30 మీటర్ల దాకా కూర్చుంటారు. ముందు బాక్సులు పెంచేబదులు 20 మీటర్ల దగ్గర మరో జత పెట్టి ముందు బాక్సుల శబ్దం అక్కడికి చేరే సమయానికి సరిపడా 57 మిల్లీసెకన్ల డిలే (ఆలస్యం) ఇవ్వాలి, పైన ఓ పది కలిపితే శబ్దం స్టేజీ నుంచే వస్తున్నట్టుంటుంది. మా అనలాగ్ మిక్సర్‌లో డిలే లేదు. ఈ సెట్‌లో నిజంగా లోటు అనిపించింది అదొక్కటే. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్లకు నిషేధం ఉంది కాబట్టి, ప్రత్యేక సడలింపు కాగితం చేతికొచ్చాకే రాత్రి నాటకానికి ఒప్పుకోవాలి.

నాలుగేళ్లలో అరిగినవి చెప్తాను. లెవెల్ నాబ్ రెండో ఏడు నుంచి గరగరలాడింది, కాంటాక్ట్ క్లీనర్‌తో సర్దుకుంది. గ్రిల్ వెనక నురుగు పొడిపొడిగా రాలింది. పవర్ కేబుల్ సాకెట్ సబ్ అదురుకు వదులై మధ్యలో ఆగిపోయేది, ఇప్పుడు కేబుల్‌ను హ్యాండిల్‌కు కట్టేస్తాం. ఒక హారన్ డయాఫ్రమ్ (కంపించే పలుచని పొర) మార్చాం, గట్టి కూత ఎక్కువసేపు వస్తే ముందు పోయేది అదే. మే నెల మధ్యాహ్నాల్లో ఎండ నేరుగా వెనక హీట్‌సింక్ మీద పడితే బాక్సు తనంతట తానే సౌండు తగ్గించుకుంటుంది. వెనక నీడ, కనీసం జానెడు ఖాళీ ఉండాలి. వాన వస్తుందని నడుస్తున్న బాక్సుకు ప్లాస్టిక్ కవర్ నిండా తొడగడం కూడా దాన్ని ఉడకబెట్టడమే. పైనొక గొడుగులా కప్పి వెనక వదిలేయండి.

రిపేరు దగ్గరే పవర్డ్ బాక్సు ఓడిపోతుంది. పాత స్పీకర్ కాయిల్ కాలితే ఊళ్లోనే కట్టించుకోవచ్చు. ఇక్కడ ఆంప్లిఫైయర్ బోర్డు పోతే చెన్నైకో బెంగళూరుకో పంపి, చాలాసార్లు బోర్డు మొత్తం మార్చాల్సిందే. సీజన్లో అది వారాల మాట. అందుకని మళ్లీ కొంటే అదే మోడల్‌వి మూడు టాప్స్ కొంటాం, మూడోది మామూలు రోజుల్లో మానిటర్‌గా పనికొస్తుంది. వెనక ఫ్యాను లేనిది చూస్తాం, మన ఎర్ర దుమ్ము ఫ్యాను గుండానే లోపలికి పోతోంది.