గుండె తిరిగి కొట్టుకున్నాక: జెల్ ప్యాడ్ శీతలీకరణ యంత్రంపై సమీక్ష

గుండె ఆగిపోయి, సీపీఆర్‌తోనో (ఛాతీని నొక్కడం) కరెంటు షాక్‌తోనో మళ్లీ కొట్టుకోవడం మొదలైనా స్పృహలోకి రాని రోగుల ఒంటి ఉష్ణోగ్రతను అదుపులో ఉంచడానికి మా ఐసీయూలో కొన్నేళ్లుగా జెల్ ప్యాడ్ల యంత్రం వాడుతున్నాం. కొనాలా వద్దా అని ఆలోచిస్తున్న ఆసుపత్రులవారికీ, దీన్ని రోజూ నడపవలసిన సిస్టర్లకూ డాక్టర్లకూ పనికివస్తుందని ఈ సమీక్ష రాస్తున్నాను. ఏదో ఒక కంపెనీ సరుకు గురించి కాక, ఈ తరహా యంత్రాలన్నిటికీ వర్తించే సంగతులే చెబుతాను.

ఇది రాకముందు చంకల్లో, గజ్జల్లో ఐస్ ప్యాకులు పెట్టి, తడిబట్టలు కప్పి, ఫ్యాన్ వేసేవాళ్లం. ఒళ్లు చల్లబడేది గానీ, 33 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆగమంటే ఆగేది కాదు. ఒక్కోసారి 32 కిందికి జారిపోయేది, ఐస్ తీసేస్తే కాసేపటికి జ్వరం దాకా ఎగబాకేది, రాత్రి డ్యూటీ సిస్టర్ తక్కిన పనులన్నీ ఆపి ఆ మంచం దగ్గరే నిలబడవలసి వచ్చేది. ఈ యంత్రంలో వీపుకీ, పక్కలకీ, తొడల చుట్టూ అతికించిన ప్యాడ్లలో నీరు ప్రవహిస్తూ ఉంటుంది. రోగి ఒంట్లో పెట్టిన ఉష్ణోగ్రత ప్రోబ్ చూపే అంకెను బట్టి ఆ నీటిని ఎంత చల్లబరచాలో, ఎంత వేడిచేయాలో యంత్రమే సవరించుకుంటుంది. నీటిని నెట్టకుండా పీల్చుకునే పద్ధతిలో నడిచే రకాల్లో ప్యాడ్‌కు చిల్లు పడినా నీరు పరుపు మీదికి చిమ్మదు. చిన్న సంగతే అనిపించినా, మంచం చుట్టూ అన్ని వైర్లు ఉన్న చోట అది పెద్ద ఊరట.

అసలు అంత చల్లబరచడం అవసరమా అనే ప్రశ్నకు జవాబు ఈ ఇరవై ఏళ్లలో మారింది. రక్తప్రసరణ తిరిగి మొదలయ్యాక కూడా మెదడు కణాలకు జరిగే నష్టం గంటలు, రోజుల తరబడి సాగుతుంది. ఉష్ణోగ్రత తగ్గితే మెదడుకు ఆక్సిజన్ అవసరం తగ్గుతుంది, జ్వరం వస్తే ఆ నష్టం పెరుగుతుంది. 2002లో ఒకే పత్రిక సంచికలో యూరప్ నుంచి 275 మందిపై, ఆస్ట్రేలియా నుంచి 77 మందిపై జరిగిన రెండు అధ్యయనాలు వచ్చి, చల్లబరిచినవారిలో మెదడు మెరుగ్గా కోలుకుందని చెప్పాయి. 2013లో 33 డిగ్రీలనూ 36 డిగ్రీలనూ పోల్చి చూస్తే తేడా కనిపించలేదు. 2021లో దాదాపు 1,900 మందిపై జరిగిన అధ్యయనంలో 33 డిగ్రీలకు చల్లబరిచినవారిలో ఆరు నెలలకు 50 శాతం, జ్వరం రాకుండా మాత్రమే చూసినవారిలో 48 శాతం చనిపోయారు. రక్తపోటును దెబ్బతీసేంతగా గుండె లయ తప్పడం చల్లబరిచినవారిలోనే ఎక్కువగా, 24 శాతం మందిలో, కనిపించింది. రెండో వర్గంలో అది 17 శాతం. షాక్ ఇచ్చి సరిచేయడానికి వీల్లేని రకం లయతో గుండె ఆగినవారిలో 33 డిగ్రీలు మేలు చేసినట్టు 2019లో ఒక అధ్యయనం చూపింది కాబట్టి చర్చ పూర్తిగా ముగిసిందని నేననను. అయినా 2022 నాటి యూరప్ మార్గదర్శకాలు 37.7 డిగ్రీలు దాటనివ్వకపోవడానికే ప్రాధాన్యమిచ్చాయి.

అలాగైతే యంత్రం దండగ కదా అని చాలామంది అడుగుతున్నారు. 2021 అధ్యయనంలో జ్వరం రాకుండా చూసిన వర్గంలోనే 46 శాతం మందికి శీతలీకరణ యంత్రం వాడవలసి వచ్చింది. పారాసెటమాల్‌తో, దుప్పటి తీసేయడంతో లొంగని జ్వరాన్ని మూడు రోజులపాటు అణిచి ఉంచడం చేతులతో అయ్యే పని కాదు. అందుకే ఈ యంత్రాన్ని ఎంత త్వరగా చల్లబరుస్తుందన్న దాన్ని బట్టి కాక, పెట్టిన అంకె దగ్గర ఎంత నిలకడగా ఉంచుతుందన్న దాన్ని బట్టి ఎంచుకోమంటాను. ఆ విషయంలో మా అనుభవం చాలా బాగుంది.

వణుకును మాత్రం యంత్రం ఆపలేదు. అది మొదట దవడలో మొదలవుతుంది. రోగి దవడ మీద, ఛాతీ మీద అరచెయ్యి ఆనిస్తే, కంటికి కనబడకముందే సన్నటి అదురు చేతికి తెలుస్తుంది, ఈసీజీ గీత కూడా ముతకబారుతుంది. చేతులనూ పాదాలనూ వెచ్చగా కప్పడం, మెగ్నీషియం, మత్తుమందు మోతాదు సర్దడం, ఇవన్నీ అయ్యాకే కండరాలను సడలించే మందు దాకా వెళ్లాలి, ఎందుకంటే ఆ మందు మూర్ఛను (ఫిట్స్‌ను) కూడా కంటికి కనబడకుండా చేస్తుంది.

మమ్మల్ని భయపెట్టిన సంఘటన ఒకటి చెప్పాలి. ఒక రాత్రి రోగిని పక్కకు తిప్పినప్పుడు మలద్వారంలోని ప్రోబ్ కొంత బయటికి జారింది. తెర మీద అంకె పడిపోవడంతో రోగి మరీ చల్లబడ్డాడనుకుని యంత్రం నీటిని వేడిచేయడం మొదలుపెట్టింది. ప్యాడ్ గొట్టం వెచ్చగా తగలడంతో సిస్టర్‌కు అనుమానం వచ్చి వెంటనే ఆపింది. లేకుంటే జ్వరం నుంచి కాపాడవలసిన యంత్రమే జ్వరం తెచ్చిపెట్టేది. అప్పటి నుంచి మేము అన్నవాహిక ప్రోబ్‌నే వాడుతూ, మరోచోట రెండో ప్రోబ్ పెట్టి రెండు అంకెలనూ పోల్చి చూస్తున్నాం. మూత్రం తక్కువగా వస్తున్నవారిలో మూత్రాశయ ప్రోబ్‌ను నమ్మకూడదు.

33 డిగ్రీలే ఎంచుకున్నవారు తిరిగి వెచ్చబరిచేటప్పుడు గంటకు 0.25 నుంచి 0.5 డిగ్రీ దాటనివ్వకూడదు. చల్లదనంలో తగ్గిన పొటాషియం అప్పుడు మళ్లీ పెరుగుతుంది కనుక, ముందే ఎక్కువ ఎక్కించి ఉంటే ప్రమాదం. ప్యాడ్ల కింద చర్మాన్ని కొన్ని గంటలకోసారి ఎత్తి చూడటం కూడా తప్పదు, ముఖ్యంగా రక్తపోటును పెంచే మందులు ఎక్కువ మోతాదులో నడుస్తున్నప్పుడు.

నాకున్న ఒక్క అసంతృప్తి తెర గురించి. రోగి ఉష్ణోగ్రత పెద్ద అంకెల్లో కనిపిస్తుంది, నీటి ఉష్ణోగ్రత మాత్రం రెండు బటన్లు నొక్కితే గానీ కనబడదు. రోగి 37 దగ్గర ప్రశాంతంగా ఉన్నట్టు కనిపిస్తున్నా నీరు గంట గంటకూ చల్లబడుతూ పోతోందంటే, ఒంట్లో పుట్టే వేడి పెరుగుతోందని అర్థం. అది న్యుమోనియా కావచ్చు, ఇంకేదైనా ఇన్‌ఫెక్షన్ కావచ్చు, వణుకైనా కావచ్చు. మాకిప్పుడు ఆ అంకెను గంటకోసారి చార్టులో చేత్తో రాసుకోవడం అలవాటైంది. తయారీదారులు దాన్ని మొదటి తెర మీదికే తేవాలి.