కప్పుల నుంచి గ్రాములకు: వంటింటి డిజిటల్ తూకం వాడాక

వంటల్లో కప్పుల లెక్కను గ్రాముల్లోకి మార్చుకోవడానికి కొన్న తూకం ఇది. ఐదు కిలోల దాకా తూస్తుంది, ఒక్కో గ్రాము తేడా చూపిస్తుంది, పెన్సిల్ సెల్స్‌తో నడుస్తుంది. కొన్నేళ్లుగా దాదాపు రోజూ వాడుతున్నాను.

కప్పుకి ఎన్ని గ్రాములు అంటే అన్నిటికీ ఒకే జవాబు ఉండదు. 240 మి.లీ. కప్పుతో నీళ్లు 240 గ్రాములు, పంచదార 200, నూనె 220 దాకా తూగుతాయి. మైదాతో అయితే మరీ చిక్కు. డబ్బాలో కప్పు ముంచి తీస్తే 145 గ్రాములు వస్తుంది, చెంచాతో వదులుగా నింపి పైన చాకుతో గీస్తే 120. కేకు గట్టిపడటానికి ఆ పాతిక గ్రాములు చాలు. పైగా అమెరికా వంటల్లో కప్పు 240 మి.లీ. దగ్గర ఉంటే, ఆస్ట్రేలియా వాటిలో 250. తూకం వచ్చాక నాకు ఈ టెన్షన్ పూర్తిగా పోయింది. గిన్నె పెట్టి టేర్ (అంకెను సున్నా చేసే బటన్) నొక్కితే సున్నా, పిండి పోసి మళ్లీ నొక్కితే సున్నా. కడగాల్సిన కప్పులు కూడా తగ్గాయి.

నాకు దీని విలువ బాగా తెలిసింది మాత్రం ఆవకాయ దగ్గర. మా అమ్మ లెక్కంతా సోలల్లోనే, అంటే పాతకాలపు కొలత గిన్నెల్లోనే. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ. కారం, ఆవపిండి సోలకు సోల, ఉప్పు ఒక పిసరు తక్కువ. ఆ మాట పట్టుకుని "కారం కిలో, ఆవపిండి కిలో, ఉప్పు కిలోకి కాస్త తక్కువ" అని బజారులో కొనుక్కొస్తే ఉప్పు చాలక పచ్చడి పాడవుతుంది. ఒకే గిన్నెతో కొలిస్తే మెత్తటి ఉప్పు బరువు కారం బరువుకు రెట్టింపు దాటుతుంది మరి. కల్లుప్పు అయితే గింజల మధ్య ఖాళీ వల్ల అంత తూగదు, దంచితే మళ్లీ మారుతుంది. అందుకే అమ్మ చేత ఆమె సోలతోనే కొలిపించి, ఒక్కొక్కటీ తూచి, అల్మరా తలుపు లోపల కాగితం అంటించుకున్నాను. ఇప్పుడు చెల్లెలు ఏ ఊళ్లో పెట్టినా ఆ ఆవకాయ రుచే వస్తోంది.

ఇక లోపాలు. మి.లీ. అని ఒక మోడ్ ఇచ్చారు కానీ అది నీళ్ల లెక్కే. అందులో నూనె 240 చూపించేసరికి నిజంగా పోసింది 260 మి.లీ. దాటుతుంది. ఈస్టు లాంటివి చిటికెడు చిటికెడు వేస్తే గ్రాము, రెండు గ్రాముల దాకా అంకె కదలదు. దానికి ఈస్టు డబ్బానే తూకం మీద పెట్టి సున్నా చేసి, తీసిన కొద్దీ తగ్గే అంకె చూసుకుంటాను. వెడల్పు బేసిన్ పెడితే అంకెలు కనబడవు. పిండి కలిపేలోపు దానంతట అదే ఆగిపోయి లెక్క పోవడం అన్నిటికన్నా చిరాకు. సెల్స్ మూత విరిగిందని కంపెనీకి రాస్తే జవాబే లేదు.

తూకం మాత్రం తప్పలేదు. అప్పుడప్పుడు పది రూపాయల బిళ్లలు పది పెట్టి చూస్తాను, 77 గ్రాములు చూపించాలి, చూపిస్తోంది.

రోజువారీ పప్పు, చారులకు ఇది అక్కర్లేదు, చేతి అంచనా చాలు. బేకింగ్ చేసేవాళ్లు, ఏటా పచ్చళ్లు పెట్టేవాళ్లు తప్పకుండా కొనుక్కోండి. కొనేముందు ఎంతసేపటికి ఆగిపోతుందో మాత్రం అడగండి. రెండు నిమిషాలే అంటే వేరేది చూసుకోండి.